బోసి మెడ విలువ: కోస్తాంధ్ర పెంతెకొస్తు స్త్రీల సొమ్ముల విసర్జన

క్రైస్తవ స్త్రీ తన శరీరాన్ని తాను ఎలా చూసుకుంటుంది అన్న ప్రశ్న మీద తెలుగులో వస్తున్న రాతలు రెండు రకాలు. వేదాంత కళాశాలల వైపు నుంచి వచ్చేవి ఆదికాండం 1:27తో మొదలై కీర్తన 139:14 దగ్గర ఆగిపోతాయి. దేవుడు తన పోలికలో చేశాడు కాబట్టి నల్లగా ఉన్నా, లావుగా ఉన్నా దిగులు పడొద్దని ఓదారుస్తాయి. విశ్వవిద్యాలయాల వైపు నుంచి వచ్చేవి మతాంతరీకరణ, మర్యాద, మధ్యతరగతి అంటూ నడుస్తాయి. మొదటి రకానికి అద్దం తప్ప మరో వస్తువు కనబడదు. రెండో రకానికి పొరుగువాడి కళ్లే లోకం. పల్నాడు, బాపట్ల పల్లెల్లోని పెంతెకొస్తు మందిరాల్లో జంపఖానా మీద తెల్లచీరల్లో కూర్చునే మాల, మాదిగ స్త్రీలు ఈ రెండు రకాల రాతల్లోనూ ఇమడరు. వాళ్ల మెడలో తాళి లేదు, నల్లపూసలు లేవు. చేతులకు గాజులు లేవు, నుదుట బొట్టు లేదు.

ఓదార్పు రాతలతో నాకు పెద్ద తగువు లేదు. తగువంతా రెండో రకంతోనే. దానికి మూలం ఎలీజా కెంట్ ‘కన్వర్టింగ్ విమెన్’ (2004). వలస పాలన కాలపు దక్షిణ భారతంలో క్రైస్తవంలోకి వచ్చిన కింది కులాలు మర్యాదస్తులుగా నిలబడే ప్రయత్నంలో స్త్రీల కట్టూబొట్టూ, నడవడికా, గడప దాటడం ఎలా మారాయో అందులో చూపిస్తుంది. తిరువాన్కూరు నాడార్ స్త్రీలు పైగుడ్డ కోసం చేసిన పోరాటం, 1859 రాజ ప్రకటన ఆమె వాదానికి చక్కగా అతుకుతాయి. పుస్తకం మంచిదే. కానీ ఆధారాలు ప్రధానంగా తమిళ ప్రాంతానివి, మిషనరీ దస్తావేజుల నుంచి తీసినవి. పైగా ఆ కథ చాలావరకు ఒంటి మీదికి కొత్తగా ఏదో చేర్చుకునే కథ. ఒంటి మీద ఉన్నది తీసేసుకునే స్త్రీని ఆ చట్రంలో ఎక్కడ కూర్చోబెట్టాలి? మన పరిశోధకులు ఈ ప్రశ్న వేసుకోకుండానే కెంట్‌ను కృష్ణ ఒడ్డుకు లాక్కొచ్చారు.

మన వైపు బోసి మెడ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మర్యాద సంపాదించుకోవాలనుకునే మనిషి, మొగుడు బతికుండగా, కోరి విధవ వేషం కడుతుందా? మిరపకోతకు వెళ్లే ఒకామె నాతో అన్న మాటలివి: “మేస్త్రమ్మ అడిగింది మేడం, ‘ఏమ్మే, మీ ఆయన పోయాడా?’ అని. మా ఆయన ఆ పక్క చేలోనే మందు కొడతన్నాడు. పిలిచి చూపిచ్చా.” చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. ఆ నవ్వులో సిగ్గు లేదు. సొమ్ములు తీసిన కొత్తలో చెవి బెజ్జం పూడకుండా చీపురుపుల్ల ముక్క పెట్టుకునేవాళ్లున్నారు, రేపు మనసు మారితే కమ్మలు పెట్టుకోవడానికి. నేను విన్న సాక్ష్యాల్లో కాలవలో మునిగి బాప్తిస్మం తీసుకున్న రోజు కంటే ఆ పుల్ల తీసి పారేసిన రోజునే గట్టిగా చెప్పుకున్నవాళ్లు కనిపించారు.

పల్నాడులో ఒక సమాధి కూడికలో ఈ వ్యాసానికి మూలమైన అనుమానం పుట్టింది. పోయినాయన సంఘ పెద్ద. ఆయన భార్య తెల్లచీరతో, ముసుగుతో, మిగతా స్త్రీల వరుసలోనే కూర్చుంది. పలకరింపుకు వచ్చిన మోతుబరి ఇంటి ఆడవాళ్లు ఆ వరుస పొడుగునా చూసి, “ఆయన భార్య ఎవరమ్మా వీళ్లల్లో?” అని అడగాల్సి వచ్చింది. పదో రోజున గాజులు పగలగొట్టే తంతు జరగలేదు, పగలగొట్టడానికి గాజుల్లేవు. బొట్టు తుడిచేవాళ్లూ లేరు. తర్వాతి ఆదివారం ఆమె ఎప్పటి చోటే కూర్చుని, ఎప్పటిలాగే రొట్టె అందుకుంది. భర్త పోయాడన్న దుఃఖం ఉంది కానీ, పోయాడని ఒంటి మీద రాసి పెట్టే గుర్తు ఒక్కటీ లేదు. పేరంటానికి పిలవదగిన ఒళ్లు, పిలవకూడని ఒళ్లు అన్న తేడా ఆ మందిరంలో చెల్లదు. ఎవరి భర్త ఉన్నాడో ఎవరి భర్త లేడో కంటికి ఆనదు. దళితుల్లో మారుమనువు ఎప్పటి నుంచో ఉంది, వాళ్లకు వైధవ్యం అంత బరువు కాదు అనే అభ్యంతరం ఉంది. కానీ మారుమనువు చేసుకోని వాళ్లను శుభకార్యాల్లో ఎక్కడ నిలబెడతారో చూసినవాళ్లు ఆ మాట అనరు.

వాళ్లు ఎత్తే వాక్యాలు కూడా కళాశాలల వాక్యాలు కావు. స్త్రీల కూడికల్లో 1 పేతురు 3:3 ఎలాగూ వస్తుంది. దాని వెంట యెషయా 3లో సీయోను కుమార్తెల సొమ్ముల చిట్టా, నిర్గమకాండం 33లో ఇశ్రాయేలీయులు హోరేబు కొండ దగ్గర తమ నగలు తీసేసిన ఘట్టం. నిర్గమలో ఆ తీసివేత దుఃఖంతో మొదలవుతుంది. ఈ స్త్రీలు దాన్ని ప్రయాణంగా చదువుతారు: దారిలో ఉన్నవాళ్లకు సొమ్ములెందుకు, కానాను చేరాక చూసుకుందాం అని. ఇక క్రీస్తుకు చూడచక్కని రూపం లేదనే యెషయా 53:2 దగ్గర వాళ్ల స్వరం మారిపోతుంది. నువ్వు అందంగానే ఉన్నావు అని నచ్చజెప్పించుకోవాల్సిన అవసరం వాళ్లకు లేదు. అందం లేని దేవుడు వాళ్లకు దొరికాడు. యెహెజ్కేలు 16లో దేవుడే యెరూషలేముకు కడియాలు, ముక్కుకమ్మి తొడిగిన మాటా ఉంది, దాన్ని ఆ కూడికల్లో ఎవరూ ఎత్తరు.

ఈ ఆచారం ఇక్కడ పుట్టింది కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ అదోనిరాం జడ్సన్ 1831లోనే బర్మా నుంచి తన దేశపు స్త్రీలకు నగలు మానమని లేఖ రాశాడు. ఆ శాఖకే చెందిన శామ్యూల్ డే 1836లో తెలుగువాళ్ల దగ్గరికి వచ్చాడు. పెంతెకొస్తు పట్టుదల మాత్రం ఎక్కువగా కేరళ దారినే మనకు చేరింది. మలయాళీలు నడిపించిన ఇండియన్ పెంతెకొస్తు సంఘం 1935లో మన ఏలూరులోనే రిజిస్టరైంది. నియమం ఒక్కటే అయినా అక్కడా ఇక్కడా దాని పని వేరు. కేరళలో సిరియన్ క్రైస్తవ స్త్రీ నగ తీస్తే పోయేది ఇంటి బంగారం, వంశం డాబు. గుంటూరు మాదిగ స్త్రీ తీసేది మట్టిగాజులు, పసుపుతాడు. ఖరీదు కట్టడానికి ఏమీ లేని ఆ వస్తువుల మీదే ఆమె మంచీ చెడూ ఆధారపడి ఉండేవి.

ఇంకో సంగతి మర్యాద వాదులకు మింగుడు పడదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. మన దగ్గర మతం మారిన దళితులు బీసీ-సి కింద లెక్క. కాబట్టి ఎస్సీ కులధ్రువీకరణ విచారణకు వచ్చే మనిషి ముందు బోసి నుదురు పిల్లల చదువుకే ఎసరు పెట్టగలదు. ఆ ఒక్క రోజు బొట్టు పెట్టుకుని మండలాఫీసుకు వెళ్లి, గుమ్మం దాటగానే తుడిచేసుకునే వాళ్లున్నారు. లాభం కోసం వేసుకునే వేషం ఏదైనా ఉంటే అది ఆ బొట్టు. నిత్యం ఉండే బోసి నుదురు వాళ్లకు నష్టమే తెస్తుంది.

కాబట్టి నా వాదన ఇది. సొమ్ములు తీసేయడం ఇక్కడ స్త్రీ ఒంటి విలువను భర్త ఆయుష్షు నుంచి విడదీసింది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించి ఒక విధవను తిరిగి ముత్తయిదువను చేశాడు. పేరులేని ఈ కూలి స్త్రీలు విధవ, ముత్తయిదువ అనే ఆ రెండు వరుసలనే చెరిపేశారు. తెలుగు స్త్రీల చరిత్రలో రెండోదే పెద్ద సంస్కరణ అని నా అభిప్రాయం. ఈ మందిరాల్లో పెరిగిన ఆడపిల్లలకు మేనిఛాయ దిగులు కూడా తక్కువేనని నాకు తోస్తుంది. ఒంటిని ఇతరుల గుర్తుల పలకగా చూడటం తల్లి మానేశాక కూతురు అద్దం ముందు ఎంతసేపు నిలబడుతుంది? పెళ్లి సంబంధాల దగ్గర వీళ్లూ “పిల్ల కాస్త ఛాయ తక్కువ” అని నసుగుతారు, అది వేరే చర్చ. పాస్టరుగారి కట్టడికి లోబడి తీసినవాళ్లూ ఉన్నారు.

లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాల్లో పెళ్లికి సిలువ గుర్తున్న తాళి కట్టడం మామూలే. పాత సంఘాలు, చదువులు, ఉద్యోగాలు, పట్నం ఇళ్లు వాళ్లవి. ఇరుగుపొరుగుకు ఎబ్బెట్టుగా కనిపించకూడదన్న జాగ్రత్త వాళ్ల పెళ్లి ఫోటోల్లో కనిపిస్తుంది. భర్త పోయినప్పుడు చాలా ఇళ్లలో ఆ సిలువ తాళిని కూడా తీసేస్తారు. కెంట్ సిద్ధాంతం తెలుగు నేల మీద అతికితే గితికితే ఆ తాళికే అతుకుతుంది.