టోన్హీ కాదు, ట్రాన్స్‌ఫార్మర్

1986లో రుఆబాంధాలో మా అక్కయ్య వాళ్ళ క్వార్టర్‌కి వెళ్ళాను. బావగారు స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగి. తొమ్మిదేళ్ళ మేనకోడలు రోజూ సాయంత్రం పక్కింట్లోంచి "కీ" మని సన్నటి కూత వస్తోందని చెవులు మూసుకునేది. పెద్దవాళ్ళకి ఏమీ వినపడేది కాదు. పక్కింట్లో భర్త పోయిన ముసలావిడ ఉండేది. పనిమనిషి ఆవిడని "టోన్హీ" అనేసింది. చేతబడి చేసే ఆడదని ఈ ప్రాంతంలో వేసే ముద్ర అది. అలాంటి ఆడవాళ్ళని కొట్టి చంపుతున్నారు కాబట్టే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో ప్రత్యేకంగా చట్టం చెయ్యవలసి వచ్చింది. మా అక్కయ్య కూడా బైగాని (భూతవైద్యుడిని) పిలిపిద్దామంది.

అప్పటికి నాకు పాతికేళ్ళు. కిటికీ దగ్గర నిలబడితే ఆ కూత నాకూ వినపడింది. పక్కింటివాళ్ళు కొత్తగా టీవీ కొన్నారు. నేను చదివింది కామర్స్. లెక్క రాయడం ఒక్కటే వచ్చు, అదే చేశాను. ముసలావిడ మనవడిని టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించి, నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఆన్, బొరుసు పడితే ఆఫ్ చేసి రాసుకోమన్నాను. ఇవతల గదిలో మేనకోడలు చెప్పింది నేను రాశాను. రెండు కాగితాలూ టాలీ చేస్తే ఇరవైకి ఇరవై సరిపోయాయి. ఊరికే ఊహించి చెప్తే అలా కుదిరే అవకాశం పది లక్షల్లో ఒక్కటి.

ఆ కూత టీవీలోని ట్రాన్స్‌ఫార్మర్‌ది. మెకానిక్కులు ఈహెచ్‌టీ అనేవారు. మన టీవీల్లో బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు, అంటే 15,625 గీతలు. గీత చివర ఎలక్ట్రాన్ కిరణం వెనక్కి మళ్ళేటప్పుడు కరెంటు ఒక్కసారిగా పడిపోతుంది. ఆ దెబ్బకి పుట్టే వోల్టేజినే ట్రాన్స్‌ఫార్మర్ వేల వోల్టులకి పెంచి పిక్చర్ ట్యూబుకి ఇస్తుంది. అందుకే దాన్ని ఫ్లైబ్యాక్ అన్నారు. సెకనుకి 15,625 సార్లు అదిరే శబ్దం పిల్లలకి వినిపిస్తుంది, వయసు మళ్ళినవారికి వినిపించదు.

నేటి మొబైల్ చార్జర్లు చాలా వాటిలో ఉన్నది ఇదే ఉపాయం. బావిలోంచి నీళ్ళు బిందెతో తోడినా, చెంబుతో గబగబా తోడినా తొట్టి నిండుతుంది. సెకనుకి 50 సార్లకి బదులు పదుల వేల సార్లు తోడితే చెంబంత ట్రాన్స్‌ఫార్మర్ చాలు. అంత వేగానికి మామూలు ఇనప కోర్ వేడెక్కిపోతుంది కాబట్టి ఫెర్రైట్ కావాలి. దాన్ని 1930లో టోక్యోలో కాతో, తకేయి తయారు చేశారు. అది ఐరన్ ఆక్సైడ్‌తో కాల్చిన పింగాణీ లాంటిది. మా భిలాయి ప్లాంటు దల్లీ రాజహరా ఖనిజంలోంచి ఆక్సిజన్ని తీసేస్తుంది, ఫెర్రైట్‌లో ఆ ఆక్సిజన్ ఉండి తీరాలి!

1977లో ఆపిల్ 2 కంప్యూటర్‌కి రాడ్ హోల్ట్ చేసిన పవర్ సప్లై కూడా ఫ్లైబ్యాకే. ఆయనే కనిపెట్టాడనే ప్రచారం నమ్మకండి, టీవీల్లో అది దశాబ్దాల ముందు నుంచీ ఉంది. తర్వాత వేగం 20,000 దాటించారు, దాంతో కూత పిల్లలకీ వినపడకుండా పోయింది.

రిటైరయ్యాక నేనూ రుఆబాంధాలోనే ఉంటున్నాను. బైగాని పిలుద్దామన్న సంగతి ఎత్తితే, అలా తను అననే లేదంటుంది అక్కయ్య. ఆ రెండు కాగితాలూ నా దగ్గర ఇంకా ఉన్నాయి.