జాతి మార్పిడి (రోల్ ప్లేయింగ్ ఆటలు)

రోల్ ప్లేయింగ్ ఆటలలో ఒక ఆట నియమాల ప్రకారం తయారైన పాత్రను మరొక ఆటలోనికి తీసుకొనిపోవునపుడు, ఆ పాత్ర జాతి లక్షణాలను కొత్త నియమాలకు అనుగుణంగా తిరిగి వ్రాయుటను '''జాతి మార్పిడి''' అంటారు. ఇక్కడ జాతి అనగా ఎల్ఫ్, డ్వార్ఫ్ వంటి కల్పిత జాతులు. మన పురాణాలలోని యక్ష, గంధర్వుల వలె వీరికీ ప్రత్యేక శక్తులుంటాయి.

== డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ==
గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో వెలువడినది. 1981 నాటి బేసిక్ నియమాలలో ఎల్ఫ్ అనేది జాతీ, వృత్తీ కూడా. అడ్వాన్స్‌డ్ నియమాలలో ఈ రెండూ వేరు. అందువలన బేసిక్ ఎల్ఫ్‌ను అక్కడ యోధుడు, మాంత్రికుడు అను రెండు వృత్తులు గల ఎల్ఫ్‌గా వ్రాయవలసి ఉంటుంది.

అడ్వాన్స్‌డ్ ఎల్ఫ్‌కు చురుకుదనంలో 1 పెరిగి, దేహదారుఢ్యంలో 1 తగ్గును. 2000లో వచ్చిన మూడవ కూర్పులో ఇవి 2 అయినవి. ఎల్ఫ్ బలపడినదని దీని అర్థం కాదు. ఆ కూర్పులో ప్రతి రెండు అంకెలకు ఒకసారి మాత్రమే ఫలితం మారును. చూపు విషయంలోనే ఎక్కువ పొరపాట్లకు అవకాశమున్నది. పూర్వం ఎల్ఫ్‌కూ డ్వార్ఫ్‌కూ చీకటిలో 60 అడుగుల వరకు ఒకే విధమైన చూపు ఉండేది. మూడవ కూర్పులో అది డ్వార్ఫ్‌కే మిగిలినది, ఎల్ఫ్‌కు మసక వెలుతురులో చూచే శక్తి మాత్రమే ఇచ్చారు.

== ఇతర ఆటలు ==
1986లో స్టీవ్ జాక్సన్ రూపొందించిన గర్ప్స్‌లో ప్రతి శక్తికీ పాయింట్లలో వెల ఉన్నది. అక్కడ ఎల్ఫ్‌గా పుట్టుటకు కూడా పాయింట్లు చెల్లించవలెను. కావున అంకెలను యథాతథంగా ఎత్తివ్రాయుట పనికిరాదు. ఆటగాడు ఏళ్ళ తరబడి పెంచుకున్న పాత్ర ఆనవాలు చెడకుండుటకు, దాని శక్తులను ముందు మామూలు మాటలలో వ్రాసికొని, తరువాత తగిన నియమం వెదకుట మేలు.

== 2024 మార్పులు ==
2024 డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలలో సామర్థ్యాల పెంపును జాతి నుండి పాత్ర పూర్వజీవితానికి మార్చారు. హాఫ్-ఎల్ఫ్, హాఫ్-ఓర్క్‌లను ప్రధాన పుస్తకం నుండి తొలగించారు. వాటిని పాత పుస్తకం నుండి తెచ్చుకొనవచ్చును గాని, అందులోని సామర్థ్యాల పెంపును మాత్రం విడిచిపెట్టవలెను.