చవి

పొద్దున్నే పేపరు తీస్తే చవి అన్న మాట ఏదో ఒక పేజీలో తగులుతుంది. ఫలానా జట్టు ఓటమి చవిచూసింది. ఫలానా అభ్యర్థి పరాజయం చవిచూశారు. రైతులు నష్టాలు చవిచూశారు. నోట్లో నీళ్లూరించాల్సిన మాట ఇప్పుడు దాదాపుగా చేదు వార్తలకే మిగిలిపోయింది. ఇడ్లీ చవిచూశానని ఎవరంటారు? రుచి చూశాననే అంటారు. నాకు ఇది బాధగానే ఉంటుంది.

1852లో బ్రౌన్ దొర నిఘంటువు అచ్చయ్యేనాటికి చవి అంటే రుచే. అది మన సొంత మాట. తమిళంలో సువై, మలయాళంలో చువ, కన్నడంలో సవి దాని తోబుట్టువులు. తమిళులు ఆరు రుచులనూ కలిపి అఱుసువై అన్నారు. అంటే తీపికీ చేదుకీ ఒకే పీట వేశారు. కన్నడిగులు తీపి వైపు మొగ్గారు. వాళ్లకు సవినెనపు అంటే తియ్యటి జ్ఞాపకం. ఇక సంస్కృతంలో ఛవి అని ఒత్తుతో వేరే మాట ఒకటుంది, దాని అర్థం కాంతి. ఆ మాటకూ మన మాటకూ చుట్టరికం లేదు. విచిత్రమేమంటే రుచి కూడా అక్కడ మొదట వెలుగు మాటే. మెరుపు నుంచి ఇష్టానికి, ఇష్టం నుంచి నాలుకకు దిగి వచ్చింది. మన చవికి అంత ప్రయాణం లేదు, నోట్లో పుట్టి నోట్లోనే పెరిగింది.

దానికి చూడు తోడయింది. తాగి చూడు, అడిగి చూడు, ఎత్తి చూడు అంటుంటాం. అలా అన్నప్పుడు కంటితో పని లేదు, చేసి తేల్చుకోమని చెప్పడం. చవి చూడటమంటే నాలుకతో తేల్చుకోవడం.

ఈ మాట మీద నాకు ఇంత పట్టింపు రావడానికి కారణం అనకాపల్లి. మా బెల్లం మార్కెట్ దేశంలో రెండో పెద్దదని చెప్పుకుంటాం. చెరకు పరిశోధన కేంద్రం 1913 నుంచీ ఇక్కడే ఉంది. గానుగాడే రోజుల్లో పొలంలోకి వెళ్తే పెనంలో రసం తెర్లుతుంటుంది. పైకి తేలిన మడ్డిని తీసేస్తూ ఉంటారు. పాకం వచ్చిందో లేదో తెలియాలంటే ఒక చుక్క నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చుట్టి చూస్తారు. ఆ ఉండ మళ్లీ నీళ్లలో పడదు, ఎవరో ఒకరి నోట్లోకి పోతుంది. పెనం దగ్గర తీర్పు నాలుకదే. అదే బెల్లం దిమ్మలై యార్డులో వరసగా కూర్చున్నాక తీర్పు కంటి చేతికి వెళ్తుంది. పసుపుపచ్చగా మెరిసేదానికి ఒక ధర, నల్లబడినదానికి ఇంకో ధర. ఆ మెరుపు కోసమే కొందరు పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతున్నారు. రంగు చూసి కొనే చోట చవి ఎవరిక్కావాలి? చూడు గెలిచి చవి ఓడిపోయిందని అక్కడ నిలబడినప్పుడల్లా అనిపిస్తుంది నాకు.

ఆ మాటను దాని పూర్తి అర్థంలో నేను విన్నది ఒక తాటితోపులో. ఉగాదికి ముందురోజు కొత్త అమావాస్య, మా నూకాంబిక అమ్మవారి జాతర. తాటికల్లు బాగా పడే కాలం కూడా అదే. ఆ పొద్దున మా పెదనాన్న వెంట శారదా నది వైపు వెళ్లాను. నలుగురు గీతవాళ్లు ఎవరి చెట్ల కల్లు వాళ్లు దించి, కుండలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. అమ్మకానికి పోకముందు ఒకరిది ఒకరు తాగిచూడటం పండగపూట వాళ్ల అలవాటట. తాటాకు మడిచి దొప్ప చేసి, నురగ పక్కకు ఊది, ఒక గుక్క. మింగాక కాసేపు ఎవరూ మాట్లాడరు.

“ఓపాలి సవి సూడు మావా.”

మా వైపు నోళ్లలో చ అనేది స అవుతుంది. సెరకు, సెట్టు, సూడు. అందుకే నాకా క్షణాన కన్నడ సవి మా శారదా ఒడ్డున వినిపించినట్టయింది.

తీర్పులు మొదలయ్యాయి. ఒకరి దాంట్లో సున్నం ఎక్కువైంది. ఇంకొకరు కుండ సరిగ్గా కడగలేదు. గెల కోతలోంచి బొట్టుబొట్టుగా కారేటప్పుడు కల్లు వట్టి తియ్యటి నీరే. కుండకు అంటుకున్న పాత పులుపూ, గాలిలోని ఈస్టూ పట్టి చెట్టు మీదే పులవడం మొదలవుతుంది. సున్నం పూస్తే ఆ పులియడం నెమ్మదిస్తుంది. పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి పులుపు, సాయంత్రానికి ఘాటు. రాత్రంతా చెట్టు మీద ఏం జరిగిందో ఒక్క గుక్కలో చదివేస్తున్నారు వాళ్లు. ఎవరి కల్లును వాళ్లు పొగుడుకోలేదు. ఎదుటివాడి నాలుక చెప్పేదాకా ఆగారు.

అసలు ఇంటి కోసం గీసుకుని తాగడమే ఒకప్పుడు రంప కొండల్లో నేరమైంది. సొంత వాడకానికి కల్లు గీయకూడదన్నారు తెల్లదొరలు. ఆ రాబడిని గుత్తదార్లకు కట్టబెడుతూ ఆబ్కారీ నిబంధనలు తెచ్చారు. ఆ కొండల మీద పెత్తనం చేసిన రంప మున్సబుదారు వసూలు చేసిన కల్లు పన్నుకు చిగురుపన్ను అని పేరు. చిగురు మీద పన్ను! ఆ పేరు పెట్టినవాడికి కనీసం మాట విలువ తెలియలేదనుకుంటాను. 1879 మార్చిలో రంప కొండలు తిరగబడ్డాయి. ఆ పితూరీ గొలుగొండ కొండలకూ పాకింది. గొలుగొండ పేరుతో ఇప్పుడు మా అనకాపల్లి జిల్లాలోనే ఒక మండలం ఉంది. పితూరీకి వేరే కారణాలూ ఉన్నాయి, కాదనను. అయినా తన చెట్టు చవి తాను చూసుకోవడానికి ఒకడి అనుమతి కావలసిరావడం ఎంత అవమానమో ఆ తోపులో కూర్చున్నాకే నాకు అర్థమైంది.

నాలుగో కుండ అందరిలోకీ చిన్నవాడిది. అది పొద్దున్నే పులిసిపోయింది. దొప్ప నోటికి తగలగానే నాకే తెలిసింది, వాళ్లకు తెలియకుండా ఎలా ఉంటుంది? పేపరువాళ్లయితే ఓటమి చవిచూశాడని రాసేవారు. కుర్రాడు తల వంచుకుని దొప్ప అంచు గిల్లుతున్నాడు. గీతవాళ్లలో పెద్దాయన దొప్పలో ఉన్నదంతా తాగాడు, మధ్యలో ఆపలేదు. మూతి తుడుచుకున్నాడు.

“కొత్తగా కోసిన గెలేటి?”

“అవును మావా.”

“కుండ మార్సు. రేపు మల్లీ దించి తే, సవి సూద్దుం.”