మద్రాసులో దొరికిన గ్రహం

సాలువాలో మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. రైల్వేలో రిటైరయ్యారు, జాతకాలు చూస్తారు. నేను కనబడ్డప్పుడల్లా "ఏమయ్యా, మీ సైన్సువాళ్ళు ఇవాళ ఒకటంటారు, రేపు కాదంటారు. మా పంచాంగం ఎప్పుడైనా మాట మార్చిందా?" అంటారు. ఒకరోజు ఆయనకు ఈ కథ చెప్పాను.

1855లో మద్రాసు వేధశాల అధిపతి కెప్టెన్ విలియం స్టీఫెన్ జేకబ్. నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీ కట్టించిన వేధశాల అది. కోస్తా తెలుగు జిల్లాలకు అప్పట్లో మద్రాసే రాజధాని, కాబట్టి ఇది మన కథే. ఆయన 70 ఓఫియూకి అనే జంట నక్షత్రాన్ని పరిశీలించాడు. ఆ రెండూ సుమారు 88 ఏళ్ళకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. కాని లెక్క ప్రకారం ఉండాల్సిన చోటికీ, కొలిచిన చోటికీ కొద్దిగా తేడా వస్తోంది. కంటికి కనపడని గ్రహమేదో లాగుతోందని, అది ఉండే అవకాశం చాలా ఎక్కువని జేకబ్ లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో రాశాడు. ఇది పిచ్చి ఊహేమీ కాదు. యురేనస్ నడకలోని తేడాని బట్టే 1846లో నెప్ట్యూన్ దొరికింది కదా!

1896లో అమెరికాలో టి.జె.జె. సీ అదే జంటలో 36 ఏళ్ళకొకసారి తిరిగే చీకటి వస్తువు ఉందన్నాడు. 1899లో ఫారెస్ట్ రే మౌల్టన్ అనే కుర్రవాడు లెక్క వేసి, సీ చెప్పిన కక్ష్యలో ఏ వస్తువూ నిలవదని చూపించాడు. సీ కోపంతో ఘాటుగా ఉత్తరం రాసి, పత్రిక వాళ్ళ చేత చీవాట్లు తిన్నాడు. సైంటిస్టులకూ అహం ఉంటుంది. దాన్ని కాదనను. కాని లెక్క ముందు ఆ అహం చెల్లలేదు. అసలు తేడా కొలతల పొరపాట్ల లోపలే ఉంది. అప్పటి దుర్భిణులకు అంత సూక్ష్మం పట్టే శక్తి లేదు.

సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ పెద్ద గ్రహం గట్టిగా దొరికింది 1995లో. మిషెల్ మేయర్, దిదియె కెలో 51 పెగాసి నక్షత్రం వెలుగులో ఊగిసలాటను కొలిచారు. ద్రవ్యరాశి గురుగ్రహంలో కనీసం సగం ఉంటుంది, కాని నాలుగు రోజుల పైచిలుకులో నక్షత్రాన్ని చుట్టేస్తుంది! ఇలాంటిది ఉంటుందని ఎక్కువమంది అనుకోలేదు. అయినా నమ్మమని ఎవరూ బతిమాలలేదు. కాలిఫోర్నియాలో మార్సీ, బట్లర్ తమ దుర్భిణితో చూసి కొద్ది రోజుల్లోనే అవునన్నారు. 1999లో మరో పెద్ద గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటుతూ దొరికింది. నక్షత్రం వెలుగు ఎంత తగ్గిందో చూసి దాని సైజు, ఊగిసలాట నుంచి దాని బరువు కట్టారు. సాంద్రత నీటిలో సగం కూడా లేదు. 2002లో దాని వాతావరణంలో సోడియం ఉందని ప్రచురించారు.

మరి జేకబ్ గ్రహం? 2006లో ప్రచురించిన పరిశీలనల్లో కూడా 70 ఓఫియూకి దగ్గర పెద్ద గ్రహమేదీ తగల్లేదు.

"చూశావా, చివరికి లేదన్నారుగా" అన్నారు పెద్దాయన ఉత్సాహంగా.

అప్పుడు పంచాంగం సంగతి ఎత్తాను. అదే మద్రాసు వేధశాలలో చింతామణి రఘునాథాచారి పనిచేశాడు. పాత పంచాంగాల గణితం ఆకాశంతో సరిపోవటం లేదని వాదించి, చూసిన దాన్ని బట్టి లెక్కకట్టిన దృగ్గణిత పంచాంగాన్ని వేయించాడు. "మరి మీ ఇంట్లో ఉన్నది ఏ పద్ధతిదండీ?" అని అడిగాను.

ఆయన లోపలికెళ్ళి పంచాంగం తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీలు తిరగేయటం మొదలుపెట్టారు.