స్వభావ విచారము



మనుష్య స్వభావములను విభజించి చూచుట నేడు పుట్టిన విద్య కాదు. పాశ్చాత్య దేశములందు ప్రాచీన గ్రీకు వైద్యులు నాలుగు దేహరసములను బట్టియు, 1921లో యూంగ్ పండితుడు మనోవృత్తులను బట్టియు మానవులను వర్గీకరించిరి. మన దేశమున చరక సంహిత శారీరస్థానమందు 16 విధములైన మనస్సులు చెప్పబడినవి. బ్రాహ్మము, ఆర్షము మొదలుగా సాత్త్వికములు 7. ఆసురము మొదలుగా రాజసములు 6. పాశవము, మాత్స్యము, వానస్పత్యము అను తామసములు 3. రోగి మనస్సు నెరిగి వైద్యుడు చికిత్స చేయవలెనని దీని ప్రయోజనము. నిజమునకు భేదములు లెక్కకు మించినవని కూడ ఆ గ్రంథమే పలికినది.

గుణము స్థిరమైన ముద్ర కాదు. ఒక గుణము తక్కిన రెంటిని అణచి ప్రబలమగుచుండుననియు, మరియొకప్పుడు వేరొకటి ప్రబలమగుననియు గీత 14వ అధ్యాయము బోధించుచున్నది. అట్లుండగా, చదువున వెనుకబడిన బాలుని చూచి "వీడు తామసుడు" అని పెద్దలు తీర్మానించుట ఎంతటి అన్యాయము! ఆ మాట వాని ఎదుట తలుపు మూసివేయును.

17వ అధ్యాయమున ఆహారము, యజ్ఞము, తపస్సు, దానము మూడేసి విధములుగా చెప్పబడినవి. ఇవన్నియు మన చేతిలోనివే. కావున పరుల గుణములను లెక్కింపక, నేడు మనము భుజించిన అన్నము, ఇచ్చిన దానము, పలికిన మాట ఏ గుణమునకు చెందినవో శయనించుటకు ముందు విచారించుకొందము.

స్వస్తి.