గంట లెక్క లేని మగ్గం

వస్త్ర మిల్లుల్లో పురుష కార్మికుల పనిదినాన్ని 1911 నాటి ఫ్యాక్టరీల చట్టం 12 గంటలకు పరిమితం చేసింది. వారానికి 48 గంటల హద్దు రావడానికి మరో 35 ఏళ్లు పట్టింది. 1948 చట్టం ఆ హద్దును నిలబెట్టి, అదనపు పనికి రెట్టింపు వేతనం చెల్లించాలన్నది.

2020 ఏప్రిల్ 17న గుజరాత్ ప్రభుత్వం కరోనాను కారణంగా చూపి, ఒక్క నోటిఫికేషన్‌తో మళ్లీ 12 గంటల పనిదినాన్ని అనుమతించింది. 8 గంటలకు 80 రూపాయలైతే 12 గంటలకు 120 చాలునని ఉదాహరణ సైతం ఇచ్చింది. అక్టోబర్ 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసి, ఓవర్‌టైమ్ వేతనం చెల్లించాలని ఆదేశించింది.

అయితే ఏ లెక్క చూసి చెల్లించాలి? సూరత్ పవర్‌లూమ్ కార్ఖానాల్లో 12 గంటల షిఫ్టు ఆ నోటిఫికేషన్‌కు ఎంతో ముందునుంచే ఆనవాయితీ. తెలంగాణ నుంచి లింబాయత్‌కు వలస వెళ్లిన పద్మశాలీలు సహా, అక్కడి మగ్గం కార్మికులకు కూలి సాధారణంగా మీటర్ల లెక్కనే. యజమాని పుస్తకంలో నేసిన మీటర్లుంటాయి, నిలబడిన గంటలుండవు. అనేక చిన్న యూనిట్లు దుకాణాల చట్టం కింద నమోదై, ఫ్యాక్టరీల చట్టం అమల్లో ఉన్నంతకాలం దానికే చిక్కలేదు.

2025లో గుజరాత్ 12 గంటల రోజును ఆర్డినెన్సుతో తిరిగి తెచ్చింది. రెట్టింపు వేతనం హామీ అందులోనూ ఉంది. కానీ గంటలు హాజరుపట్టీకి ఎక్కనంతకాలం, సున్నాను రెట్టింపు చేసినా సున్నాయే.