ఆడియో బుక్‌కు ఫ్రీ ప్రోమో కోడ్స్.. ఎవరికి ఇవ్వాలి? ఎక్కడ జాగ్రత్త పడాలి?

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్న తెలుగు రచయితలు కొన్ని కాపీలు ఉచితంగా పంచుతారు. పత్రికలకు, తోటి రచయితలకు, లైబ్రరీలకు వెళ్లే ఈ కాపీలే పుస్తకానికి తొలి ప్రచారం. ఆడియో బుక్ విషయంలో అదే పని చేసేది ప్రోమో కోడ్. జగిత్యాల జిల్లా బీర్పూర్‌లో ఉండి ఫోన్‌లో కథలు రికార్డు చేసుకునే వారికైనా ఈ దారి అందుబాటులోనే ఉంది.

ప్రోమో కోడ్ అంటే ఏంటి?

అక్షరాలు, అంకెలు కలిసిన కోడ్ ఇది. వాడితే పుస్తకం డబ్బులు లేకుండా శ్రోత లైబ్రరీలో చేరుతుంది. వాట్సాప్‌లో ఎంపీ3 ఫైల్ పంపితే అది ఎన్ని గ్రూపులకు ఫార్వర్డ్ అవుతుందో చెప్పలేం. ఒక్కొక్కరికి విడి కోడ్ ఇస్తే ఆ ఇబ్బంది ఉండదు.

ఎక్కడ దొరుకుతాయి?

ఆడిబుల్‌కు చెందిన ఏసీఎక్స్ 2011లో మొదలైంది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్‌లో ఉండేవారికే అక్కడ ఖాతా. మన దగ్గరి రచయితలకు గూగుల్ ప్లే బుక్స్ దగ్గరి దారి. 2018 జనవరిలో ఆడియో బుక్స్ అమ్మకం మొదలుపెట్టిన ఈ స్టోర్‌లో పబ్లిషర్ ఖాతా నుంచే కోడ్స్ తయారు చేసుకోవచ్చు.

కోరుట్ల, సిరిసిల్ల వైపు చాలా ఇళ్లలో ఒకరైనా గల్ఫ్‌లో ఉంటారు. వాళ్లకు కోడ్ పంపే ముందు, మీ పుస్తకం అమ్మకానికి ఉన్న దేశాల లిస్టులో ఆ దేశం ఉందో లేదో చూడాలి.

ఎవరికి ఇవ్వాలి?

కోడ్స్ అన్నీ ఒకే పోస్టులో పెట్టేస్తే తీసుకునేవాళ్లే ఎక్కువ, వినేవాళ్లు తక్కువ. నిజంగా వింటారనుకున్న పది మందితో మొదలుపెట్టండి. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కి, పేమెంట్స్ విభాగంలో 'రిడీమ్ కోడ్' ఎంచుకోవాలని కూడా చెప్పండి. ఎవరికి ఏ కోడ్ ఇచ్చారో నోట్‌బుక్‌లో రాసుకుంటే రెండు వారాల తర్వాత అభిప్రాయం అడగొచ్చు.

రివ్యూ కొనొద్దు

కోడ్ ఇచ్చి 'ఫైవ్ స్టార్ పెట్టాలి' అని షరతు పెట్టడం తప్పు. ఆన్‌లైన్ రివ్యూలపై కేంద్రం 2022 నవంబర్‌లో ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది. ఉచితంగా తీసుకున్న వస్తువును ప్రచారం చేసే ఇన్‌ఫ్లుయెన్సర్లు ఆ విషయం బయటపెట్టాలని 2023 జనవరి మార్గదర్శకాలు చెబుతున్నాయి. 'వంద కోడ్స్ ఇవ్వండి, కొంత ఫీజు కట్టండి, రివ్యూలు గ్యారంటీ' అనే మెసేజ్‌లను నమ్మొద్దు. ఓటీపీ అడిగితే అసలే చెప్పొద్దు.

హక్కులు ముందు చూసుకోండి

ఉచితంగా పంచినా కాపీరైట్ వర్తిస్తుంది. 1957 చట్టం ప్రకారం రచయిత చనిపోయాక మరో 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. 1993లో కన్నుమూసిన జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ కవితలకు 2053 చివరి వరకు, 2017లో మరణించిన హనుమాజీపేట బిడ్డ సినారె రచనలకు 2077 చివరి వరకు రక్షణ ఉంది. వాటిని చదివి రికార్డు చేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. వెనక వినిపించే సంగీతానికీ అంతే. సొంత రచన, సొంత గొంతు అయితే ఈ చిక్కులేవీ ఉండవు.